మూతపడిన ప్రెస్‌లో దొరికిన ఎన్నికల బ్యాడ్జీలు, కరపత్రాలు: ఏ యేటివో ఎట్లా తేల్చాలి, తుప్పు ఎట్లా ఆపాలి?

దేవరకొండ_రేకుబిళ్ల:

అందరికీ నమస్తే. దేవరకొండ దిక్కు మూతపడిన ఒక ట్రెడిల్ (కాలితో తొక్కి అచ్చేసే మిషన్) ప్రెస్ సామానుతో పాటు ఒక బిస్కెట్ డబ్బా, ఒక కాగితాల కట్ట వచ్చినయి. లెక్క ఇది:

రేకు మీదనే రంగులు అచ్చయిన పిన్ను బిళ్లలు 23. జోడెద్దులు 9, ఆవుదూడ 6, కంకి కొడవలి 8. అంచుల్లో, వెనక భాగంలో తుప్పు ఉంది.
పైన గాజులాంటి పొర, దాని కింద కాగితం బొమ్మ ఉన్న బిళ్లలు 5. రెండింటి పిన్నుకు పచ్చటి చిలుము పట్టింది.
ప్లాస్టిక్ సైకిలు బ్యాడ్జీలు 11.
"ఏజెంటు" అని అచ్చేసిన రిబ్బన్లు 4.
కరపత్రాలు సుమారు 140. ఎక్కువ గులాబీ, ఆకుపచ్చ, పసుపు రంగు పల్చటి కాగితాలు. మడత పెట్టిన చోట విరుగుతున్నయి. కొన్నిటికి పిన్నులు కొట్టి ఉన్నయి.
చందా రశీదు పుస్తకాలు 2, నమూనా బ్యాలెట్లు కొన్ని.

అడిగేది మూడే. ఏ ఎన్నికవో ఎట్లా పట్టుకోవాలి? తుప్పు, చిలుము ఏం చేయాలి? బ్యాలెట్ కాగితాలు ఇంట్లో పెట్టుకోవచ్చా?

పాలమూరు_పాతకాగితం:

ముందు చేతులు కట్టుకోండి. బిళ్లలు ఒక పక్క, కాగితాలు ఒక పక్క అని ఏరి పెట్టడం మొదలుపెడితే సగం సాక్ష్యం అక్కడే పోతుంది. డబ్బాలో ఏది దేని పక్కన ఉందో, కట్టలో ఏ కాగితం కింద ఏది ఉందో పైనుంచి వరుసగా ఫోటోలు తీయండి. ప్రతిదానికీ ఒక నంబరు ఇవ్వండి. కాగితమైతే వెనక మూలన 2బి పెన్సిలుతో మెత్తగా రాయండి. బిళ్ల మీద ఏమీ రాయొద్దు, దాని సంచిలో చీటీ వేయండి. గుర్తు బొమ్మ తప్ప ఏమీ లేని బిళ్లకు యేడు చెప్పేది దాని పక్కన దొరికిన కాగితమే.

ఇక గుర్తులు. జోడెద్దులు కాంగ్రెస్ గుర్తుగా 1952 నుంచి 1969 చీలిక దాకా ఉన్నాయి. అంటే 1952, 57, 62, 67 నాలుగు ఎన్నికలూ అందులోకే వస్తాయి, బొమ్మ చూసి ఏదని చెప్పలేం. ఆవుదూడ పరిధి చిన్నది: ముఖ్యంగా 1971 లోక్‌సభ, 1972 అసెంబ్లీ, 1977 లోక్‌సభ. 1978 ఫిబ్రవరి అసెంబ్లీ ఎన్నికలకు ఇందిర కాంగ్రెస్ చేయి గుర్తుతో వచ్చింది. కంకి కొడవలి సీపీఐది, సుత్తి కొడవలి నక్షత్రం 1964 చీలిక తరవాత సీపీఎంది. నల్లగొండలో ఇంకో మెలిక ఉంది. 1952లో హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో పోటీ పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో జరిగింది. నల్లగొండ అప్పుడు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, రావి నారాయణరెడ్డి, సుంకం అచ్చాలు ఇద్దరూ పీడీఎఫ్ తరఫునే గెలిచారు. కాబట్టి "కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి" అని అచ్చేసిన నల్లగొండ కాగితాన్ని ఎవరైనా 1952ది అని చూపిస్తే, చూసి తిరిగి ఇచ్చేయండి.

గుర్తు కంటే గట్టి ఆధారాలు కాగితం అడుగున ఉంటాయి. నేను చూసే వరుస ఇది.

అడుగు పంక్తి. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఎ సెక్షను 1961 సవరణతో వచ్చింది. ఎన్నికల కరపత్రం మీద, పోస్టరు మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలని అది చెబుతుంది. ఆ పంక్తి ఉన్నంత మాత్రాన 1961 తరవాతిది అనుకోవద్దు, ప్రెస్ పేరు అంతకు ముందూ వేసేవాళ్లు. ప్రచురించినవారి పేరు, చిరునామా కూడా పద్ధతిగా ఉంటే మాత్రం 1962, ఆ తరవాతి ఎన్నికల వైపు మొగ్గు. మీ సామాను ప్రెస్ నుంచే వచ్చింది కాబట్టి ఇంకోటి వెతకండి. అచ్చు వేయించేవాడు ఇద్దరు సాక్షులతో ధ్రువీకరించి రెండు ప్రతుల్లో ఇచ్చే డిక్లరేషను ఫారం ఒకటి ఉంటుంది. ఒక ప్రతి కరపత్రంతో పాటు కలెక్టరు ఆఫీసుకు పోతుంది. రెండో ప్రతి గనక కట్టలో చిక్కితే, దాని తేదీయే కరపత్రం తేదీ. చూడటానికి ఏమీ ఉండదు, జనం దాన్నే చిత్తుకు వేస్తారు.

డబ్బు. చందా రశీదుల మీద హాలీ (నిజాం రూపాయి), కల్దార్ (బ్రిటిష్ ఇండియా రూపాయి) అని ఉంటే 1950ల మొదట్లోవి. రూపాయలు, అణాలు, పైలు అని మూడు గళ్లుంటే 1957 ఏప్రిల్ 1కి ముందు అచ్చు. "న.పై." అని ఉంటే 1957–64 మధ్యది. 1964 జూన్ నుంచి "నయా" పోయి ఉత్త పైసలు మిగిలాయి. పాత పుస్తకాన్నే గళ్లు కొట్టేసి తరవాతి ఎన్నికలో వాడటం మామూలే, అందుకని అచ్చుతో పాటు చేతిరాత తేదీ కూడా చూడండి.

పిన్ కోడు. 1972 ఆగస్టు 15న మొదలైంది. చిరునామాలో 508 తోనో 509 తోనో ఆరంకెలు ఉంటే ఆ తరవాతిదే. లేకపోతే మాత్రం ఏమీ రుజువు కాదు, రాయనివాళ్లు చాలామంది.

నియోజకవర్గం పేరు. మిర్యాలగూడ లోక్‌సభ స్థానం 1962 నుంచి 2004 ఎన్నిక దాకా ఉంది, పునర్విభజనలో పోయింది. భువనగిరి లోక్‌సభ అని ఉంటే 2009, ఆ తరవాత. "వనపర్తి జిల్లా", "సూర్యాపేట జిల్లా" అని ఉంటే 2016 అక్టోబరు 11 తరవాత. వినడానికి చిన్న విషయమే, కానీ "పాత కాగితం" అని అమ్మేవాళ్లు జారిపడేది ఇక్కడే.

అచ్చు తీరు. సీసం అక్షరాలతో ట్రెడిల్ మీద కొట్టినదైతే వెనక వేలితో తడిమితే అక్షరం పొడుచుకుని వచ్చినట్టు తగులుతుంది. ఒకే పేజీలో ఒక "ర" నల్లగా, ఇంకో "ర" అరిగి ఉంటుంది. పెద్ద పోస్టర్ల తలకట్టు అక్షరాలు కొయ్యవి, సిరా మధ్యలో కొయ్య గీతలు కనిపిస్తాయి. అక్షరాలన్నీ ఒకే మందంలో, అను ఫాంట్ల వాలకంతో ఉండి "1972 కరపత్రం" అంటే కంప్యూటర్ రోజుల్లో కూర్చినదన్న మాట. 1952వి అని చెప్పే కాగితాలను చీకట్లో 365 నానోమీటర్ల యూవీ టార్చి కింద పెట్టండి. నీలంగా మెరిస్తే అనుమానించాలి. ఆ మెరుపు మందు కాగితాల్లోకి విరివిగా వచ్చింది ఆ తరవాతే.

గడియారం_సెంటర్:

పైన అన్న కాగితాల గురించి చెప్పిండు గదా, నేను బిళ్లల గురించి చెప్త.

మీ దగ్గర మూడు రకాలున్నయి, మూడింటికి మూడు మందులు. అన్నీ ఒకే డబ్బాల పెడితే ఒకటి ఇంకోదాన్ని తింటది.

ఒకటి, రేకు మీద అచ్చు. రంగు నేరుగ రేకుకే ఉంటది. తుప్పు అంచుల కెళ్లి మొదలైతది, ఎందుకంటే అచ్చు అయినంక రేకును కత్తిరిస్తరు, గా కోసిన అంచుకు రంగు ఉండదు. అక్కడ నుంచి రంగు కిందకు పాకుతది, పైన రంగు మంచిగనే కనవడ్డా కింద బుడగ లేస్తది. బుడగ లేసిన కాడ ముట్టొద్దు. వెనక దిక్కు మటుకే, వెదురు పుల్లతోని వదులుగున్న తుప్పు రాల్చాలె, పొడి దూదితోని తుడవాలె. నీళ్లొద్దు, నిమ్మకాయొద్దు, కొబ్బరినూనె అసలే వద్దు, నూనె బుడగ సందులకు పోయి రంగును లేపుతది. వెనక తేలిన ఉత్త రేకుకు మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగ రాసి మెత్తటి గుడ్డతో రుద్దితే చాలు. ముందు దిక్కు ఏం రాయకు.

గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా తీస్కో. లీటరు డబ్బాకు 10 గ్రాముల సిలికా జెల్ సంచి ఒకటి, చిన్న తేమ మీటరు ఒకటి పెట్టు. రేకుకు 35 నుంచి 45 శాతం తేమ ఉంటే తుప్పు ఆగుతది. రంగు మారే గింజలు కొంటే సులువు, నారింజవి ఆకుపచ్చగైతే తేమ తాగినట్టు. ఒవెన్ల 120 డిగ్రీల మీద రెండు మూడు గంటలు పెడితే మళ్ల పనికొస్తయి. జులై నుంచి సెప్టెంబరు దాక పదిహేను రోజులకోసారి చూడాలె.

రెండు, పైన పొరున్నవి. గీడనే పొరపాటు చేస్తరు. పాత పొర సెల్యులాయిడ్ గావచ్చు. మూతి దగ్గర పెట్టుకొని వాసన చూడు. కర్పూరం లెక్క వస్తే బాగానే ఉన్నట్టు. ఘాటుగ ముక్కు పొడిచినట్టు వస్తే పొర కుళ్లుతున్నట్టు. దాంట్లకెళ్లొచ్చే ఆమ్లమే ఇత్తడి పిన్నును తిని పచ్చటి చిలుము పట్టిస్తది. గా రెండు బిళ్లలను ఇయ్యాల్నే వేరు చెయ్యి. వీటిని గాలి చొరని డబ్బాల మూయొద్దు, ఆవిరి లోపలే ఉండి ఇంకా తొందరగ పాడైతయి. అట్ట పెట్టెకు నాలుగు రంధ్రాలు కొట్టి, ఒక్కోదాన్ని ఆమ్లం లేని టిష్యూల చుట్టి పెట్టాలె. సెల్యులాయిడ్ మండే గుణముంది, ఇన్వర్టర్ పక్కన, పొయ్యి దగ్గర ఉంచకు. తడి గుడ్డ పెడితే పొర అంచుకెళ్లి నీరు పోయి కాగితం బొమ్మ మీద మచ్చ పడ్తది, అది పోదు.

మూడు, ప్లాస్టిక్ సైకిళ్లు. వెనక పిన్ను జిగురుతోని అంటించి ఉంటది, ఎండకు పెళుసైతది. పిన్ను మీద బరువు పడకుండ పండపెట్టు. నాఫ్తలీన్ గోలీలు వీటి పక్కన వేయకు.

నాణేల ఆల్బమ్ అని మెత్తగ మెరిసే కవర్లు అమ్ముతరు సూడు, అది పీవీసీ. ఏడాది రెండేండ్లకు చెమట పట్టినట్టు జిడ్డు కారుతది. పాలిప్రొపిలీన్ గాని పాలిస్టర్ గాని అని రాసి ఉన్నవే కొను.

మన్నెవారి_మాట:

ఇంత కష్టం ఎందుకండీ? డబ్ల్యూడీ-40 కొట్టి తుడిస్తే తుప్పు పోతుంది. కాగితాలు ల్యామినేషన్ చేయిస్తే వందేళ్లు ఉంటాయి.

గడియారం_సెంటర్:

అది బోల్టుల మందు, బొమ్మలది కాదు. రంగు కిందకు పోయి మొత్తం పొర లెక్క లేపుతది.

కట్ట_విప్పేవాడు:

ల్యామినేషన్ మాట ఇంకెవరూ ఎత్తొద్దు, దండం పెడతాను. వేడికి ప్లాస్టిక్ జిగురు కాగితం నారలోకి కరిగిపోతుంది, మళ్లీ ఎవరూ విడదీయలేరు. కాగితంలోని ఆమ్లం లోపలే ఉండి దాని పని అది చేస్తూనే ఉంటుంది. సెల్లోటేపు కూడా అదే దారి. ముందు జిగురు పసుపు పారి కాగితంలోకి ఇంకుతుంది, తరవాత టేపు ఊడిపోతుంది, మరక మిగులుతుంది.

కరపత్రాల సంగతి. కట్ట విప్పే ముందు చెదలు, వెండి పురుగు ఉన్నాయేమో చూడండి. మైదా లాయి అంటిన పోస్టర్లు ఉంటే తప్పకుండా ఉంటాయి, లాయి అంటే పురుగుకు ప్రాణం. పురుగు కనిపిస్తే కట్టను రెండు పాలిథిన్ సంచుల్లో గాలి తీసి మూసి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టండి. మామూలు ఇంటి ఫ్రీజర్ సుమారు మైనస్ 18 ఉంటుంది, అందుకే అన్ని రోజులు. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు, విప్పితే చల్లటి కాగితం మీద నీటి చెమ్మ పడుతుంది. బిళ్లలను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి. వేపాకు వేసే అలవాటుంటే ఎండబెట్టి గుడ్డ మూటలో కట్టి పెట్టె మూలన ఉంచండి, కాగితాల మధ్య పెడితే మరక పడుతుంది.

మడతలు బలవంతంగా విప్పితే గీత వెంబడి రెండు ముక్కలవుతాయి. ఆవిరి మాత్రమే పట్టాలి. మూతున్న వెడల్పాటి ప్లాస్టిక్ పెట్టె అడుగున తడిపి పిండిన స్పాంజీ, దానికి రెండంగుళాల పైన ప్లాస్టిక్ జల్లెడ, జల్లెడ మీద కరపత్రం, మూత. మూడు నాలుగు గంటలకు కాగితం మెత్తబడుతుంది. గంటకోసారి చూడండి, మూత లోపలి వైపు నీటి బొట్లు కడితే తుడవండి. ఒక్క బొట్టు పడ్డా రంగు కాగితంలో తెల్లటి చుక్క దిగుతుంది. మీవి గులాబీ, ఆకుపచ్చ కాగితాలు అన్నారు కదా, ఆ రంగు నీళ్లకు నిలవదు. ముందు ఒక చెడిపోయిన కరపత్రం మూలన తడి దూది మొన ఆనించి రంగు దూదికి అంటుతుందో చూడండి. అంటితే ఆవిరి సమయం సగానికి తగ్గించండి, రెండు రంగుల కాగితాలు కలిపి పెట్టొద్దు. మెత్తబడ్డాక రెండు అద్దుడు కాగితాల (బ్లాటింగ్ పేపర్) మధ్య పెట్టి పైన చెక్క, చెక్క మీద బరువు. రెండు రోజులు. అద్దుడు కాగితం మొదటి రోజు ఒకసారి మార్చాలి.

పిన్నులు పీకొద్దు. పిన్ను కాళ్లు వెనక వైపు వంగి ఉంటాయి. కాలు కిందకి సన్నటి పాలిస్టర్ ముక్క జొనిపి, మొద్దు చాకు మొనతో కాళ్లను ఒక్కొక్కటే నిలబెట్టి, తిప్పి ముందు వైపు నుంచి ఎత్తాలి. తుప్పు కాగితానికి అంటుకుని ఉంటే ఆ చుట్టూ కాగితమే పిండి అయి ఉంటుంది, అక్కడ ఆగిపోండి.

దాచడానికి పాలిస్టర్ తొడుగు, వెనక ఆమ్లం లేని అట్ట. కరపత్రాలు ఎక్కువ డెమీ 1/8లో ఉంటాయి, సుమారు ఐదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాలు, ఏ5 తొడుగు కొంచెం బిగుతవుతుంది. కొలుచుకుని కొనండి. డబుల్ క్రౌన్ పోస్టర్లు, 20×30వి, చుట్టకండి, పరిచి పెట్టే చోటు లేకపోతే వెడల్పాటి గొట్టానికి బయటి వైపు చుట్టండి. కాగితాలకు 45–50 శాతం తేమ కావాలి, రేకు బిళ్లలకు అది ఎక్కువ. అందుకే జంటగా దొరికినవైనా పెట్టెలు వేరే. నంబరే వాటిని కలిపి ఉంచుతుంది.

ఫారం_20:

బ్యాలెట్ల ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు.

నమూనా బ్యాలెట్ వేరు, అసలు బ్యాలెట్ వేరు. నమూనా అభ్యర్థి తన పేరు, గుర్తు దగ్గర ముద్ర వేసి చూపిస్తూ సొంత ఖర్చుతో వేయించేది. మిగతా అభ్యర్థుల గళ్లు సాధారణంగా ఖాళీగానో ఉత్త గీతలుగానో ఉంటాయి, అడుగున ప్రెస్ పేరుంటుంది. ఇవి నిశ్చింతగా పెట్టుకోండి. క్రమసంఖ్య, కౌంటర్‌ఫాయిల్ నుంచి చించిన అంచు, వెనక అధికారి సంతకమో ప్రత్యేక ముద్రో ఉంటే అది అసలుది. పోలింగ్ కేంద్రం నుంచి బ్యాలెట్ బయటికి తేవడం ప్రజాప్రాతినిధ్య చట్టం 135 సెక్షను కింద నేరం, ఏడాది దాకా జైలు, లేదా 500 దాకా జరిమానా, లేదా రెండూ. వాడిన బ్యాలెట్లను గడువు తీరాక నాశనం చేయాలన్నది నియమం, కాబట్టి "లెక్కింపు అయిన బ్యాలెట్ కట్ట" అని ఎవరైనా అమ్మకానికి పెడితే అది రావాల్సిన దారిలో రాలేదు. కొనొద్దు. ఇంకో సంగతి, 1952, 57లో ఓటరు బ్యాలెట్ మీద గుర్తు పెట్టేవాడు కాదు, అభ్యర్థికో పెట్టె ఉండేది, పెట్టె మీద గుర్తు అంటించి ఉండేది, కాగితం అందులో వేసేవాడు. ఆ రెండు ఎన్నికల "గుర్తులున్న బ్యాలెట్" అంటూ అమ్మితే దొంగదే.

ఓటరు చీటీలు, పోలింగ్ ఏజెంటు ఫారాలు (నంబరు 10), ఎన్నికల ఏజెంటు ఫారం (8), పోటీలో ఉన్నవారి జాబితా (7ఎ) మంచి సామాను. ఆ నంబర్లు 1961 నియమావళివి, కాబట్టి కాగితం మీద ఆ నియమావళి పేరుంటే 1962 ఎన్నిక కంటే పాతది కాలేదు. ధరావత్తు రశీదు దొరికితే అంకె చూడండి: లోక్‌సభకు 500 రూపాయలుంటే 1996 సవరణకు ముందుది, 10,000 ఉంటే తరవాతది. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు సగం. ఓటర్ల జాబితాలను ఫోటో తీసి ఇక్కడ పెట్టకండి, ఇళ్ల నంబర్లతో సహా బతికున్నవాళ్ల పేర్లుంటాయి.

దేవరకొండ_రేకుబిళ్ల:

అందరికీ దండాలు. ఫోటోలు తీసిన, నంబర్లు వేస్తున్న. రెండు అనుమానాలు. ఒకటి, 61వ నంబరు కరపత్రం: సైకిలు గుర్తు, నల్లగొండ అసెంబ్లీ అభ్యర్థి ఎన్.టి. రామారావు అని ఉంది. ఆయన పోటీ చేసింది హిందూపురంల గదా, ఇది ఎవరన్న కొట్టించిన నకిలీనా? రెండు, మందంగ పుస్తకం లెక్క కుట్టిన నమూనా బ్యాలెట్ ఒకటి ఉంది, నల్లగొండ లోక్‌సభ. పేజీల నిండ పేర్లే.

పాలమూరు_పాతకాగితం:

61 నకిలీ కాకపోవచ్చు. 1985లో ఆయన హిందూపురం, గుడివాడ, నల్లగొండ మూడు చోట్లా నిలబడి మూడూ గెలిచి, హిందూపురం ఉంచుకున్నారు. నల్లగొండకు ఉప ఎన్నిక వచ్చింది. అందుకే ఒకే ఏడాది సైకిలు గుర్తు కరపత్రాలు రెండు విడతలవి ఉంటాయి, అభ్యర్థి పేరు చూసి వేరు చేయండి. అవునా కాదా తేల్చేది అచ్చు: వెనక తడమండి, అడుగున ప్రెస్ పంక్తి చదవండి, మీరు సామాను కొన్న ప్రెస్ పేరే ఉంటే కట్టలో దాని డిక్లరేషను కోసం వెతకండి. అట్లాగే కల్వకుర్తి 1989 కాగితాలు ఎక్కడైనా కనిపిస్తే వదలొద్దు, ఆయన అక్కడ ఓడిపోయారు. గెలిచిన ఎన్నికల కాగితాలు దాచుకునేవాళ్లుంటారు, ఓడినవాటిని మర్నాడే పొయ్యిలో వేస్తారు.

ఫారం_20:

పుస్తకం లాంటిది 1996 లోక్‌సభది. ఫ్లోరైడ్ నీళ్ల సమస్య మీద నిరసనగా జలసాధన సమితి పిలుపుతో నామినేషన్లు వెల్లువెత్తి నల్లగొండలో 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్‌ను పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది. ఆ ఏడాదే ధరావత్తు పెరగడానికి ఇలాంటివే కారణం. కుట్టు విప్పకండి. కుట్టింది తుప్పు పిన్నుతోనైతే పైన చెప్పినట్టు, నూలుతోనైతే అసలే ముట్టొద్దు. ప్రతి పేజీ పైనుంచి కెమెరాతో తీయండి, స్కానర్ మీద వెన్ను విరవొద్దు. ముందు ఒకటి చూసి చెప్పండి, క్రమసంఖ్య ఎక్కడైనా ఉందా?

గడియారం_సెంటర్:

ధర గురించి ఎవరన్న అడిగేలోపు: ఉత్త గుర్తు బిళ్ల రాష్ట్రమంత పంచిందే, దానికి పెద్ద విలువ లేదు. ఊరి పేరో, అభ్యర్థి పేరో ఉన్నది, దాని కాగితంతో జంటగ ఉన్నది, దానికే అడుగుతరు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గివి కలిపి అమ్మరు, విడివిడిగనే దొరుకుతయి. కొత్తగ మిషన్ మీద కొట్టిన 58 మిల్లీమీటర్ల, 44 మిల్లీమీటర్ల బిళ్లల మీద పాత గుర్తులు ఇంక్‌జెట్ ప్రింట్ తీసి అంటిస్తున్నరు. పదింతలు పెద్దగ చూపే భూతద్దం పెట్టు, ఆఫ్‌సెట్ చుక్కలు పువ్వు లెక్క వరుసగ ఉంటయి, ఇంక్‌జెట్‌ది చల్లినట్టు ఉంటది. వెర్నియర్ కాలిపర్‌తో అడ్డం కొలువు. అమెరికాల 1972ల పాత ఎన్నికల బటన్లకు నకళ్లు తెగ కొట్టిన్రు, 1973ల చట్టం తెచ్చి నకలు అయితే అది తయారైన యేడు దాని మీదనే అచ్చెయ్యాలన్నరు. మన కాడ బిళ్లకు గట్లాంటి ముద్ర ఏది ఉండదు, భూతద్దమే దిక్కు.

ఇంకోటి, బయటి దేశం గిరాకీ వస్తే ఆగు. 75 ఏండ్లు నిండిన చారిత్రక రికార్డులకు 1972 పురావస్తు చట్టం వర్తిస్తది, దేశం దాటియ్యనీకి రాదు. మొదటి ఎన్నికల కాగితాలు గా గీత దగ్గరకు వచ్చినయి.

దేవరకొండ_రేకుబిళ్ల:

క్రమసంఖ్య లేదు. చివరి పేజీ అడుగున ప్రెస్ పేరుంది. కుట్టు నూలుదే.

ఫారం_20:

అయితే నమూనానే. నంబరేసి విడిగా పండపెట్టండి, బరువు పెట్టకండి.